తవుడు గేదెకు, మాత్ర మనకు

మా వదినగారింట్లో భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కనే ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. వారానికి సరిపడా మాత్రలు. అన్నయ్యకు పొద్దున బి-కాంప్లెక్సు, రాత్రి కాల్షియం, ఆదివారం డి విటమిన్. వదినకు ఇవి కాక జుట్టు రాలకుండా బయోటిన్. అమెరికాలో ఉన్న అమ్మాయి పంపిన చేపనూనె గొట్టాలు ఇద్దరికీ. మొన్న వెళ్లినప్పుడు గుత్తివంకాయ కూర కొసరి వడ్డిస్తూ వదిన అంది కదా: "ఈ రోజుల్లో తిండిలో ఏముంది మరిదిగారూ? అన్నీ ఎరువులు, పురుగుమందులు. తినడం నోటి రుచికే. బలమంతా ఇదిగో, ఈ డబ్బాలోనే."

ఈ మాట వదినొక్కర్తెదే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. పొద్దున నడకకొచ్చే పింఛనుదార్ల నోట ఇదే వింటున్నాను. పిల్లాడు సన్నగా ఉన్నాడని బెంగపడే తల్లి నోటా ఇదే. మందుల షాపుకెళ్లి చీటీ లేకుండా "నీరసానికి ఏదైనా ఇవ్వు బాబూ" అంటే, కుర్రాడి చెయ్యి ఆలోచన లేకుండా పోయేది ఆ అరలోకే. చదువుకున్నవాళ్లు ఇదే సంగతిని కాస్త ఇస్త్రీ చేసి చెబుతారు: నేలలో సారం పోయింది, పంటలో పోషకం పోయింది, కాబట్టి మాత్ర తప్పదు. ఆ 'కాబట్టి' దగ్గరే నా తగాదా.

అసలు చిక్కంతా 'బలం' అన్న మాట తెచ్చిపెట్టింది. బలం సూది, బలం మందు, బలానికి సెలైను. గ్లూకోజు సీసాలో బి-కాంప్లెక్సు కలిపి పసుపుపచ్చగా చుక్కచుక్కా దిగుతుంటే, అది చూస్తూనే సగం నీరసం తీరిపోయే రోగులు మన ఊళ్లలో కొల్లలు. విటమిన్‌లో బలం లేదు. ఒంటికి సత్తువ వచ్చేది అన్నం నుంచి, పప్పు నుంచి, నూనె నుంచి. వాటిని ఒంటికి పట్టించే పనిలో విటమిన్లు చెయ్యి వేస్తాయి, అంతే. మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో జరిగిపోయే పని అది. గోడ కట్టే చోట తాపీమేస్త్రీ లేకపోతే పని ఆగిపోతుంది, నిజమే. ఒక్క మేస్త్రీ రాగానే గోడ లేస్తుంది. అది చూసి ఇంకో పదిమంది మేస్త్రీలను తెచ్చి నిలబెడితే గోడ పదింతలు లేవదు. ఇటుకలు కావాలి, సిమెంటు కావాలి. లోటు ఉన్నవాడికి విటమిన్ ఇస్తే లేచి కూర్చోవడం కళ్లారా చూసిన జనం, లోటు లేనివాడికి రెండిస్తే పరుగెత్తుతాడనుకున్నారు.

నేలలో సారం తగ్గిందన్నది అబద్ధమని నేననను. మన వరి రకాల్లో 1960ల నాటివీ 2000ల తర్వాతవీ పక్కపక్కన పెట్టి చూసిన శాస్త్రవేత్తలకు, కిలో బియ్యంలో జింకు 27 మిల్లీగ్రాముల నుంచి 21 దగ్గరకు, ఇనుము 60 దగ్గర నుంచి 43కు దిగినట్టు తేలింది. అమెరికాలోనూ 43 రకాల తోటపంటల మీద 1950 నాటి లెక్కలను 1999 నాటి లెక్కలతో పోల్చి, కొన్ని పోషకాలు 6 నుంచి 38 శాతం దాకా తగ్గాయన్నారు. దిగుబడి మీదే కన్నుపెట్టి విత్తనాన్ని ఎంచుకుంటూ వస్తే జరిగేది ఇదే. సరే, నాలుగో వంతు పోయిందనుకుందాం. మిగిలిన మూడు వంతులను మనం ఏం చేస్తున్నాం? మర పట్టిస్తున్నాం.

ఊక ఊడ్చేశాక గింజ మీద మిగిలే గోధుమరంగు పొర, దాని కొసన మొలక: థయమిన్ అనే బి1 విటమిన్, నియాసిన్, పీచు, ఇనుము, జింకు ఎక్కువగా ఉండేది అక్కడే. బియ్యం తెల్లబడేసరికి థయమిన్‌లో నూటికి 70, 80 పాళ్లు తవుడుతో వెళ్లిపోతుంది. మిగిలినదాన్ని మూడు నీళ్లు పోసి కడుగుతాం. ఎసట్లో ఉడికించి గంజి వారుస్తాం. నీళ్లలో కరిగేవన్నీ అలా కుడితి గోలెంలో చేరతాయి. తవుడూ కుడితీ రెండూ గేదెకే. మా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే శాస్త్రీయంగా భోంచేసింది మా గేదె. ఇప్పుడు గేదె కూడా లేదు కాబట్టి తవుడు నూనె మిల్లుకు పోయి, గుండెకు మంచిదన్న చీటీ అంటించుకుని సీసాలో తిరిగొస్తోంది.

మల్లెపూవులాంటి అన్నం అంటాం. పెళ్లిలో అన్నం కాస్త ఎర్రబడితే వియ్యాలవారు మొహం చిట్లిస్తారు. ఈ తెలుపు మోజుకు మన జిల్లాలు ఒకప్పుడు ప్రాణాలతో మూల్యం చెల్లించాయి. ఆ కథ మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు గనక కాస్త తీరిగ్గా చెబుతాను.

1890లలో డచ్చివారి ఏలుబడిలో ఉన్న జావాలో ఐక్‌మాన్ అనే వైద్యుడు బెరిబెరి ఎందుకొస్తుందో వెతుకుతున్నాడు. కాళ్లు పట్టు తప్పి, గుండె ఉబ్బి, మనుషులు పోతున్న జబ్బు అది. తెల్ల బియ్యం తింటున్న ఆయన దగ్గరి కోళ్లకు కాళ్లు పడిపోయాయి. ముడిబియ్యం పెట్టగానే లేచి తిరిగాయి. ఈ ఎరుకకే 1929లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. మధ్యలో 1912లో కాసిమిర్ ఫంక్ అనే పోలండు శాస్త్రవేత్త, తవుడులో ఉన్న ఆ ప్రాణదాయక పదార్థానికి పెట్టిన పేరే కొద్ది మార్పుతో నేటి విటమిన్. ఆ మాట తవుడు బస్తాలో పుట్టిందన్నమాట.

మన దేశంలో 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చిన్న ప్రయోగశాల ఒకటి పెట్టాడు. దాని పేరు బెరిబెరి విచారణ విభాగం. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో బస్సు దిగి రోజూ దాని గేటు ముందు నుంచి నడిచిపోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆ సంస్థ వెతుక్కుంటూ వచ్చిన జబ్బు మనదేనని? మద్రాసు రాజధాని మొత్తంలో బెరిబెరి తిష్ఠ వేసింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన తెలుగు కోస్తాలో. అదే రాజధానిలో తమిళ జిల్లాల్లో అరుదు. వాళ్లూ వరే తిన్నారు, మనమూ వరే తిన్నాం. వాళ్లు తిన్నది ఉప్పుడు బియ్యం. మనం తిన్నది పచ్చి వడ్లను మర పట్టించిన బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరికి ఉడికిస్తే పైపొరలోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగిలి ఉంటుంది. దంపుడు బియ్యం తిన్నన్నాళ్లు మనకూ ఫరవా లేదు. రైసు మిల్లు వచ్చాక వచ్చింది ముప్పు. 1935లో కూనూరు సంస్థ బాధ్యత చేపట్టిన అయిక్రాయిడ్, ఆయన సహచరులు ఈ బియ్యం సంగతిని కూలంకషంగా పరిశీలించారు. కృత్రిమంగా థయమిన్ తయారుచేయడం 1936లో గానీ సాధ్యం కాలేదు. అంతకు ముందు తరాల తమిళులను కాపాడింది ఏ మాత్ర? వడ్లుడికించిన బాన.

మెకారిసన్ మరో పని కూడా చేశాడు. దేశంలోని ఒక్కో ప్రాంతపు తిండిని ఒక్కో గుంపు ఎలుకలకు పెట్టి పెంచాడు. గోధుమరొట్టె, పాలు, పప్పు, పచ్చికూరలతో కూడిన సిక్కుల తిండి తిన్న ఎలుకలు ఏపుగా పెరిగాయి. తెల్లన్నం మీద ఆధారపడ్డ మద్రాసీల తిండి తిన్నవి వెనకబడిపోయాయి. అప్పట్లో మద్రాసీలంటే మనమూ ఆ లెక్కలోనే.

ఇక్కడో పక్కమాట. యాసంగి వడ్లు ఎండకు పగిలి పచ్చిగా ఆడిస్తే నూకైపోతాయి, అందుకని ఉప్పుడు బియ్యం చేసి ఇస్తామని తెలంగాణ, మాకొద్దని కేంద్రం 2021-22లో ఎంత కొట్లాడుకున్నాయో గుర్తుంది కదా. ధర్నాలు జరిగాయి, ఢిల్లీ ప్రయాణాలు జరిగాయి. ఆ బియ్యం మనమే తింటే పోలా అని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. అది మలయాళీల కోసం అన్న ధీమా అందరిదీ.

తవుడు తీసేసి ఊరుకున్నామా? లేదు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రకటించిన పోషకాల బియ్యం సంగతి చూడండి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజల ఆకారంలో వత్తి, 100 కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపే పథకం అది. 2028 డిసెంబరు దాకా కొనసాగించడానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 17,082 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. ఆ గింజలు నీళ్లలో తేలుతుంటే మన ఆడవాళ్లు ప్లాస్టిక్ బియ్యం అని భయపడి ఏరి పారేశారు. వాళ్లను వెక్కిరించడం తేలిక. గింజకు పుట్టుకతో వచ్చిన పొర గీకి, గీకినదాన్ని అమ్ముకుని, అంగట్లో కొన్న ఖనిజాన్ని పిండిలో పిసికి అతికించడం వాళ్లకు వింతగా తోచిందంటే తప్పు ఎవరిది? ఇనుము కలిపిన బియ్యం మీద ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నిటినీ 2019లో ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా, రక్తహీనత మీద దాని ప్రభావం అంతంత మాత్రమేనంది.

ఇంతవరకూ చదివిన అవతలి పక్షంవారు జేబులోంచి తీసే తురుపుముక్క ఏమిటో నాకు తెలుసు: యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టి, సోదరులను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకుని, తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డ మనిషి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మాత్రను తిడుతూ వ్యాసం రాసే తెలుగువాడు ఆ తెలుగువాడికి ఏం జవాబు చెబుతాడు?

దండం పెడతాను. ఫోలిక్ ఆమ్లం దగ్గర మాత్రే గెలిచింది, ఒప్పుకోవలసిందే. గర్భంలో బిడ్డ వెన్నెముక నాళం మూసుకునేది గర్భం దాల్చిన మొదటి నాలుగు వారాల్లో, తల్లికి సంగతి తెలిసేలోపే. అంతకుముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఒకసారి ఆ నాళం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు మళ్లీ అది జరిగే ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన ప్రయోగం రుజువు చేసింది. ఆకుకూరల్లోని ఫోలేట్ కంటే మాత్రలోనిదే ఒంటికి ఎక్కువ పడుతుంది కూడా. పిల్లల్ని కనాలనుకునే ప్రతి ఆడపిల్లా అది వేసుకోవాలి. అయితే సుబ్బారావు తయారుచేసిందేమిటో గమనించండి. ఫలానా జబ్బు, ఫలానా లోటు, దానికి ఫలానా మందు. స్ప్రూతో పేగు పాడై తిన్నది ఒంటబట్టని రోగి ఆయన కళ్లముందున్నాడు. మూడు పూటలా పుష్టిగా తిని, ఏ పరీక్షా చేయించుకోకుండా, ఎందుకైనా మంచిదని డబ్బాలోని మాత్రలన్నీ మింగే మా అన్నయ్య కాదు.

బి12 సంగతీ అంతే. అది మొక్కల్లో పుట్టదు, సూక్ష్మజీవులు తయారుచేస్తాయి, జంతువుల ద్వారా మనకు చేరుతుంది. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు పాలూ పెరుగూ కొంత ఆదుకుంటాయి, చాలామందికి అవి చాలవు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు అది ఒంటికి పట్టడం తగ్గుతుంది. వాళ్లు రక్తపరీక్ష చేయించుకుని వేసుకోవాలి. పాలకూర తింటే బి12 వస్తుందని చెప్పే ప్రకృతివాదులతో నాకు వేరే తగాదా ఉంది, దాన్ని ఇంకోసారి తేల్చుకుంటాను. ఇవన్నీ మందులు. మందుకు మోతాదు ఉంటుంది, గడువు ఉంటుంది, దేనికోసమో చెప్పే వైద్యుడు ఉంటాడు. బల్ల మీది డబ్బాకు ఈ మూడూ లేవు.

తిండిలోని పదార్థాన్నే విడదీసి మాత్రగా మింగితే తిండి చేసే మేలంతా జరుగుతుందన్నది ఈ నమ్మకానికి మూలస్తంభం. దాన్ని ఎవరూ నోటిమాటతో కూల్చలేదు. నిజాయితీగా నమ్మి, నిరూపించబోయినవాళ్ల చేతుల్లోనే అది కూలింది. ఆకుకూరలు, పసుపుపచ్చని కూరగాయలు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని 1980ల నాటికే చాలా దేశాల్లో గమనించారు. వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా కనిపించింది. అయితే కూరలతో పనేముంది, ఆ పదార్థాన్నే ఇచ్చి చూద్దామనుకున్నారు. 1985లో ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకున్నారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, ఐదు నుంచి ఎనిమిదేళ్లు. 1994లో లెక్క తేలింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. శాస్త్రవేత్తలే నమ్మలేకపోయారు. ఇంతలో అమెరికాలో 18,314 మంది మీద జరుగుతున్న మరో పరీక్షలో క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరిగినట్టు బయటపడి, 1996 జనవరిలో గడువుకు ముందే దాన్ని ఆపేశారు.

ఫిన్లాండు లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. నన్నడిగితే అన్నిటికంటే విలువైనది అదే. ఆ మాత్ర ఇవ్వని గుంపులో చూస్తే, పరీక్షకు ముందునుంచీ తిండి ద్వారా కెరోటిన్ ఎక్కువ పొందుతున్నవాళ్లకు క్యాన్సర్ తక్కువే. ఒకే పదార్థం కూరలో వస్తే ఒక తీరు, గొట్టంలో వస్తే ఇంకో తీరు. తోటకూరలో బీటా కెరోటిన్ ఒంటరిగా ఉండదు. దాని అక్కచెల్లెళ్లు లూటీన్ వగైరా, పీచు, ఫోలేట్, విటమిన్ సి అన్నీ కలిసే వస్తాయి. తాలింపులో నూనె పడితేనే అది పేగు దాటి ఒంట్లోకి వస్తుంది, అదీ నెమ్మదిగా, కొద్దికొద్దిగా.

తర్వాత కూడా పాఠాలకు కొదవ లేదు. 35,533 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి 25,871 మందిని ఐదేళ్ల పైచిలుకు గమనిస్తే క్యాన్సరూ తగ్గలేదు, గుండెపోటూ తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న 3,90,000 మందికి పైగా అమెరికన్లను ఇరవై ఏళ్లకు పైగా గమనించిన అధ్యయనం, రోజూ మల్టీవిటమిన్ వేసుకోవడం వల్ల ఆయుష్షు పెరగలేదని 2024లో చెప్పింది. వృద్ధుల జ్ఞాపకశక్తికి మల్టీవిటమిన్ కొద్దిగా మేలు చేస్తుందన్న ఫలితాలు ఈమధ్య ఒక పెద్ద పరీక్షలో వచ్చాయి, వాటిని దాచను. ఆ 'కొద్దిగా'ను పెద్దక్షరాలతో అమ్మేవాళ్లు మాత్రం తక్కిన లెక్కలన్నీ దాస్తున్నారు.

"మేలు లేకపోతే పోయె, కీడైతే లేదుగా? ఎక్కువైంది ఒంటేలులో పోతుంది" అంటారు. బి, సి విటమిన్ల వరకు చాలావరకు నిజం. పేరు గొప్ప మాత్రలతో మనం తయారుచేసేది ఖరీదైన మూత్రం. కానీ ఎ, డి, ఇ, కె అలా పోవు, కొవ్వులో, కాలేయంలో నిల్వ ఉంటాయి. డి విటమిన్ 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి, అదీ కొన్ని వారాలపాటు వేసుకోమని వైద్యుడు రాస్తే, బాగుంది కదా అని నెలల తరబడి సాగదీసేవాళ్లు, రోజూ వేసేసుకునేవాళ్లు ఉన్నారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మతిమరుపు, చివరికి మూత్రపిండాలకు దెబ్బ. నీళ్లలో కరిగే బి6 కూడా పెద్ద మోతాదులో ఎక్కువ కాలం వాడితే నరాలను దెబ్బతీస్తుంది. తిమ్మిర్లు తగ్గాలని వేసుకున్నదే తిమ్మిర్లు తెస్తుందన్నమాట. వదిన జుట్టుకోసం మింగే బయోటిన్ రక్తపరీక్షలను తప్పుదోవ పట్టిస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష బయోటిన్ వల్ల తక్కువ చూపించవచ్చు. ఆ సంగతి డబ్బా మీద ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికాను. కనబడలేదు. కనబడిందల్లా, ఔషధంగా వాడటానికి కాదన్న వాక్యం. మన దేశంలో ఇలాంటి డబ్బాలు చాలావరకు ఆహార చట్టం కిందికొస్తాయి, ఔషధ చట్టం కిందికి కాదు. అమ్మేవాడు అది ఆహారమంటాడు, కొనేవాడు మందనుకుంటాడు.

ఇక అన్నిటికంటే బరువైన వాదన ఒకటుంది. కూలికిపోయే తల్లి జామకాయలు, గుడ్లు కొనలేదు, ఆమెకు మాత్రే గతి కదా అని. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువున్న తల్లికి ఐరన్ మాత్ర ఇవ్వాల్సిందే, ఆమె మానకుండా వేసుకోవాల్సిందే. కానీ దేశంలో ఐరన్ మాత్రలు పంచడం 1970లో మొదలైంది. అర్ధ శతాబ్దం పంచాక కూడా సగానికి పైగా ఆడవాళ్లు అక్కడే ఉన్నారంటే, మాత్ర అయిపోగానే వాళ్లు తిరిగి కూర్చునే కంచంలో ఏముందో చూడాలా వద్దా? అన్నం కొండంత, కూర గోరంత, పైన నీళ్లచారు. అందరి తర్వాత తినే అలవాటు వల్ల ఆ గోరంత కూడా అడుగంటిందే. తిన్న వెంటనే టీ, అది ఆ కాస్త ఇనుమునూ ఒంటబట్టనివ్వదు. అదే పప్పులో మామిడికాయో చింతచిగురో పడినా, కూర మీద నిమ్మచెక్క పిండినా ఇనుము ఒంటికి పట్టడం పెరుగుతుంది. నారింజ కంటే నాలుగైదింతలు విటమిన్ సి ఉన్న జామకాయ మన పెరళ్లలో కాస్తుంది. 2015లో తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలుపెట్టింది. పేదలకు మాత్ర చాలని అనుకునేవాళ్లు ఆ భోజనం వేళకు ఏదైనా అంగన్‌వాడీకి వెళ్లి కాసేపు కూర్చోవాలి.

పేదల పేరు చెప్పి వాదిస్తారు గానీ ఈ డబ్బాలు కొనేవాళ్లు పేదలు కారు, అది వేరే సంగతి. మా వదిన డబ్బాకు నెలకయ్యే డబ్బుతో ఇద్దరికీ రోజూ గుడ్లు, గుప్పెడు వేరుశనగలు, ఒక పండు వచ్చి ఇంకా మిగులుతుంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనిచేసే దళిత రైతుమహిళలను అడగండి. ఎవరూ విత్తకుండా చేలో మొలిచే తుమ్మికూర, గునుగు, దొగ్గలి, పొన్నగంటి ఏ వానకు వస్తాయో, దేన్ని పప్పులో వేయాలో వేళ్ల మీద చెబుతారు. మనం వాటిని కలుపంటాం. కలుపు మందు కొట్టి చంపుతాం. తర్వాత ఆకుపచ్చని పొడిని గొట్టాల్లో కూరి అమ్మితే కొంటాం. గొంగళిపురుగులు వస్తున్నాయని మా వీధిలో మునగచెట్టు కొట్టించిన ఇంట్లోనే అమెరికా నుంచి వచ్చిన 'మోరింగా' సీసా చూశాను. 100 గ్రాముల పచ్చి మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందన్న సంగతి ఆ సీసా వెనకే రాసి ఉంటే బావుండేది.

ఇలా అంటే, తిండితోనే అన్నీ వస్తాయా, మరి డి విటమిన్ మాటేమిటి అంటారు. తిండితో అది పెద్దగా రాదు, ఎండతో వస్తుంది. ఎండ దండిగా ఉన్న దేశంలో ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి మారేవాళ్లకు లోటు వస్తే వైద్యుడు చెప్పినన్నాళ్లు వేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ఊరికే డి పరీక్ష చేయడం అక్కర్లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీయే 2024లో చెప్పింది. మన ల్యాబుల వాళ్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ప్యాకేజీలో అది ఉచితం.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒక మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు అంది. అంటే కంచంలో కూర ఎక్కువ, అన్నం తక్కువ. బియ్యపు జబ్బు మీద పుట్టిన సంస్థ వందేళ్లు దాటాక చెబుతున్న మాట అది. ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనీ అందులోనే ఉంది.

అది చదివిన ఊపులో కిందటి వారం మా వీధి చివర బియ్యం కొట్టుకెళ్లాను. సోనామసూరి నాలుగు రకాలు, అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్కసారే పాలిష్ పట్టిన ఒంటిపట్టు బియ్యం ఉన్నాయా అని అడిగాను. కొట్టాయన లెక్క రాసుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"లేవండి. ఎవరూ అడగరు, పురుగు పట్టేస్తాయి. కావాలంటే మిల్లుకు చెప్పి ఆడించాలి, బస్తా మొత్తం తీసుకోవాలి." కాసేపాగి గొంతు తగ్గించి, జాలిగా అడిగాడు: "ఏమండీ, షుగరా?"